వాన మీద ఎఫ్‌ఐఆర్

జూన్ దాటిందంటే వికారాబాద్–తాండూరు దారిలో ఏటా ఒక దొంగ దొరుకుతాడు. పేరు వాన. వృత్తి రోడ్లు మింగడం. పుట్టిల్లు అనంతగిరి గుట్టలు. మూసీ నది పుట్టిందీ అక్కడే గనుక వంశం మీద కూడా అనుమానమే. డాంబరు లేస్తుంది, గుంత పడుతుంది, పేపర్లో ఫొటో వస్తుంది, మర్నాడు అధికార వాంగ్మూలం వెలువడుతుంది: భారీ వర్షాలకు రోడ్లు దెబ్బతిన్నాయి, నిధులు రాగానే మరమ్మతులు చేపడతాం. కేసు అయిపోయింది. ముద్దాయికి వకీలు లేడు, బెయిలు పిటిషన్ లేదు. పైనుంచి దిగొచ్చిందే గానీ పైవాళ్లతో పరిచయం లేదు. ఊరంతా తడుపుతుంది గానీ ఎవరి చేతులూ తడపదు. అలాంటిదానికి శిక్ష పడక ఇంకెవరికి పడుతుంది?

అందుకని ఈసారి వాన తరఫున వకాల్తా వేస్తున్నాను. ఫీజు వద్దు. కంది పూతకు సమయానికి పడితే చాలు.

మొదటి వాదన చిన్నది. వాన ముఖం చూసి పడదు. ఆఫీసు ఆవరణలోని డాంబరు మీద ఎంత పడుతుందో, క్వారీ దారి మీదా అంతే పడుతుంది. కార్లు, స్కూటర్లు తప్ప మరేదీ రాని ఆవరణలో అదే డాంబరు ఏళ్ల తరబడి నిక్షేపంగా ఉంటుంది, క్వారీ దారి ఏడాది తిరక్కుండానే గోతుల మయమవుతుంది. ఇంకా అనుమానం ఉంటే క్వారీగానీ ఫ్యాక్టరీగానీ ఉన్న ఏ ఊరి రోడ్డుకైనా వెళ్లి ఒక అంచున నిలబడండి. లోడుతో బయటికెళ్లే పక్క చాళ్లు పడి కుంగి ఉంటుంది. ఖాళీ లారీలు తిరిగొచ్చే పక్క దానికన్నా నయంగా ఉంటుంది. ఒకటే రోడ్డు, ఒకటే కాంట్రాక్టరు, ఒకటే డాంబరు, ఒకటే వాన. లోడు వెళ్లే పక్క ఏదో, ఖాళీ వచ్చే పక్క ఏదో మేఘానికి ఎవరు చెప్పారు?

ఇక శవపరీక్ష. రోడ్డు పైనుంచి పగులుతుందని మనం అనుకుంటాం, మనకు కనిపించేది పైభాగమే గనుక. భారీ లారీలు నడిచే చోట తరచుగా జరిగేది తలకిందులు. చక్రం మీదుగా పోయినప్పుడల్లా డాంబరు పొర వెంట్రుకవాసి కిందికి వంగి మళ్లీ లేస్తుంది. వంగినప్పుడు పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. జొన్న రొట్టెను పెనం మీంచి తీయగానే మడిస్తే మెత్తగా మడత పడుతుంది. అదే రొట్టెను మర్నాడు వంచి చూడండి, సాగే వైపున ముందు చిట్లుతుంది. డాంబరుదీ అదే కథ. వేసిన కొత్తలో సాగుతుంది, ఎండకూ గాలికీ ఏళ్ల తరబడి బిరుసెక్కాక సాగమంటే చిట్లుతుంది. కంటికి కనపడని ఆ చిట్లు లక్షల చక్రాల తర్వాత అడుగునుంచి పైకి పాకి, టైర్లు నడిచే జాడలో సన్నని గీతగా తేలుతుంది. అప్పుడు ఎవరూ చూడరు. గీతలు ఒకదాన్నొకటి అల్లుకుని పెంకుల పెంకులుగా పరుచుకుంటాయి. ఇంజనీర్లు వాటికి మొసలి పగుళ్లని పేరు పెట్టారు. మొసలి రోడ్డు మీద పడుకున్నా ఎవరూ చూడరు.

మన దేశంలో రోడ్డు మందం ఎంత ఉండాలో చెప్పే పుస్తకం ఒకటుంది, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 37. దాని ప్రకారం పగుళ్లు ఉపరితలంలో 20 శాతానికి పాకితే రోడ్డు అలసి చచ్చినట్టు లెక్క. చక్రాల జాడ 20 మిల్లీమీటర్ల లోతు కుంగినా చచ్చినట్టే. పాపం, ఆ పుస్తకం రాసినవాళ్లు స్కేలు పట్టుకుని మన వైపు వస్తే ఇబ్బంది పడతారు. 20 మిల్లీమీటర్ల లోతున్నదాన్ని ఇక్కడ చదును రోడ్డంటారు.

గమనించండి, ఇంతదాకా వాన రంగం మీదికే రాలేదు. పగుళ్లు పడ్డాక వస్తుంది. వచ్చి, తెరిచి ఉన్న తలుపులోంచి ఎవరైనా వెళ్లినట్టే, పగుళ్లలోంచి కిందికి దిగుతుంది. దిగిన నీరు కంకర పొరలో చేరుతుంది, కంకర రాయిని పట్టుకున్న డాంబరును వదులు చేస్తుంది. తర్వాతి లారీ బరువుకు ఆ నీరే బురదను వెంటబెట్టుకుని పైకి చిమ్ముతుంది. అడుగున గుల్లయిన చోట పెళ్లలు లేచి టైర్ల వెంట ఎగిరిపోతాయి. అదే గుంత. నేరం చేసినవాడు రాత్రే లోడు దించి ఇంటికి పోయాడు. తెల్లారి శవం పక్కన నీళ్లు కారుతూ నిలబడి ఉన్నది వాన. మన పోలీసు నవలల్లో కూడా ఇంత తేలిగ్గా కేసు తెమలదు.

అసలు నేరస్థుణ్ని పట్టుకుని అరవై ఏళ్లు దాటింది. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం ఒటావా అనే ఊరి దగ్గర 1958లో రోడ్లను చంపడానికే రోడ్లు వేశారు. రకరకాల మందాలతో వందల ముక్కలు వేసి, వాటి మీద సైన్యపు డ్రైవర్లతో 1960 దాకా రేయింబవళ్లు లారీలు తిప్పించారు. 11 లక్షలకు పైగా ఇరుసులు నడిచాయి. కొలిచి చూస్తే తేలిందేమిటంటే, ఇరుసు బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం మామూలుగా పెరగదు, దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెండింతలైతే నష్టం రెండింతలు అనుకునేరు. పదహారింతలు. ఘాతం కచ్చితంగా నాలుగేనా, కాస్త అటూ ఇటూనా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. ఒకటి మాత్రం కాదని అందరికీ సమ్మతమే.

ఇక్కడే మన వ్యాపారపు తెలివికి దండం పెట్టాలి. పది టన్నులు వేయాల్సిన చోట పదిహేను వేస్తే కిరాయి సగం పెరుగుతుంది. డీజిల్ కొంత పెరుగుతుంది, టైరు కొంత అరుగుతుంది. రోడ్డుకు నష్టం మాత్రం ఐదింతలు. ఆదాయం ఒకటిన్నర రెట్లు సేటుది, నష్టం ఐదు రెట్లు సర్కారుది. దీనికన్నా మంచి భాగస్వామ్యం ఏ చార్టర్డ్ అకౌంటెంటూ రాసివ్వలేడు. పదిహేనేళ్లు నిలవాలని గీసిన రోడ్డు మీద నడిచే ప్రతి ఇరుసూ ఇలా ఒకటిన్నర రెట్లు మోస్తే, లెక్క ప్రకారం దాని ఆయువు మూడేళ్లు. మూడేళ్లకే పోయిందని మనం ఏడుస్తాం. రోడ్డుకైతే పదిహేనేళ్ల సర్వీసు నిండింది, పెన్షన్ కాగితాలు పెట్టుకుంది.

ఇదే లెక్కను కిందికి దించి చూస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఇరుసుకు 600 కిలోలు మోపే ఒక చిన్న కారును తీసుకోండి. 10.2 టన్నుల లారీ ఇరుసు దానికి 17 రెట్లు. పదిహేడును నాలుగుసార్లు గుణిస్తే 83,521. ఒక్క లారీ ఇరుసు చేసే చేటును మీరు కారుతో చేయాలంటే ఎనభై మూడు వేల పైచిలుకు ఇరుసులు నడపాలి, అంటే అదే చోట నలభై వేలసార్లకు మించి తిరగాలి. మోపెడ్ మీద పాలక్యాన్లు కట్టుకుని తాండూరుకు వచ్చేవాడి వాటా ఎంతంటే, కాలిక్యులేటర్‌లో దశాంశ బిందువు తర్వాత సున్నాలు అయిపోవు. రోడ్డుకు వాడు చేసిన అన్యాయం అంత. గుంతలో ముందు పడేది కూడా వాడే. లైఫ్ ట్యాక్స్ ముందే కట్టినవాడికి ఆ మాత్రం ప్రాధాన్యం ఇవ్వాలి కదా.

అయినా బరువు ఎంతో ఎవరికి తెలుస్తుంది అంటారేమో. తాండూరులో ఆ మాట అనకండి, నవ్వుతారు. ఈ ఊరు తూకం మీద బతుకుతున్న ఊరు. మార్కెట్ యార్డులో రైతు కందులు పోస్తే మట్టికింత, తేమకింత అని తరుగు తీసి మరీ తూస్తారు. సిమెంటు బస్తా సరిగ్గా 50 కిలోలు. కరణ్‌కోట్‌లోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ ఒక్కదాని సామర్థ్యమే ఏడాదికి 10 లక్షల టన్నులు. ప్రైవేటు ఫ్యాక్టరీలు వేరే. చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, ఊళ్లోకి రాకముందే చెవికి వినపడే పాలిష్ యూనిట్లు. సరుకు గేటు దాటే ముందు లారీ ధర్మకాంటా ఎక్కుతుంది, చిట్టీ తీసుకుంటుంది. ఆ చిట్టీ మీద బరువు కిలోలతో సహా ఉంటుంది, టైముతో సహా ఉంటుంది. అది సేటుకు తెలుసు, గుమాస్తాకు తెలుసు, కొనేవాడికి తెలుసు, పన్ను వేసేవాడికి తెలుసు, క్లీనరు పిల్లవాడికి కూడా తెలుసు. తెలియనిది దాన్ని మోసే రోడ్డు శాఖకూ, దాన్ని ఆపాల్సిన రవాణా శాఖకూ మాత్రమే. గేటు దాటి రోడ్డెక్కగానే ఆ లారీ బరువు రహస్యమైపోతుంది. దేశ రక్షణ రహస్యాలను కూడా మనం ఇంత భద్రంగా దాచుకోం.

"సేట్, టైర్లు కూసుంటున్నయ్, జర తగ్గిద్దామా?" అని డ్రైవరు అడిగాడనుకోండి. "నీకెందుకుర బై, నడువనియ్. రోడ్డు మీ అయ్యదా?" అంటాడు సేటు. ప్రశ్న సరైనదే. జవాబు కూడా డ్రైవరుకు తెలుసు: అవును, మా అయ్యదే. అయినా డ్రైవరు అనడు. నెల జీతం వాళ్లయ్య ఇవ్వడు కదా.

చట్టం లేదా అంటే బంగారం లాంటి చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్, 2019 సవరణ తర్వాత: ఎక్కువ లోడు వేస్తే 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకూ 2,000. అంతకన్నా అందమైన నిబంధన ఇంకోటి ఉంది. ఎక్కువైన సరుకును అక్కడికక్కడే దించాకే బండి కదలాలి. బషీరాబాద్ నుంచి పరిగి దాకా, కొడంగల్ నుంచి మన్నెగూడ దాకా తిరిగినవాళ్లు చెప్పండి, రోడ్డు పక్కన అలా దించిన సిమెంటు బస్తాల గుట్ట ఎప్పుడైనా చూశారా? పేర్చిన నాపరాళ్ల వరస? నాపరాళ్ల ముక్కలూ పాలిష్ బురదా చూసే ఉంటారు. అవి చట్టం దించినవి కావు, యూనిట్లు పారేసినవి. ఆ ముక్కలే కొన్నాళ్లకు గుంతల్లోకి చేరతాయి. దాన్ని రీసైక్లింగ్ అంటారు, పర్యావరణానికి మంచిది.

కేంద్రం కూడా ఊరకే కూర్చోలేదు. ఓవర్‌లోడును అరికట్టడానికి అన్నిటికన్నా సులువైన దారి కనిపెట్టింది. 2018 జూలై 16న గెజిట్ వేసి పరిమితినే పెంచేసింది. నాలుగు టైర్ల ఇరుసు మీద అంతకుముందు 10.2 టన్నులు, ఇప్పుడు 11.5. నిన్నటి నేరం ఇవాళ నిబంధన. పెంచింది పన్నెండు పదమూడు శాతమే కదా అనిపిస్తుంది. నాలుగో ఘాతంలో పెట్టి చూస్తే ఒక్కో ఇరుసు చేసే నష్టం దాదాపు 62 శాతం పెరిగింది. గెజిట్ వచ్చిన రాత్రి దేశంలోని ఏ రోడ్డూ అంగుళం మందం పెరిగినట్టు లేదు. పాత రోడ్లు పాత లెక్కతోనే పడుకున్నాయి, తెల్లారి లేచేసరికి వాటి వయసు పెరిగిపోయింది. లారీ యజమానులకు ఉపశమనం దక్కిందన్నారు, నిజమే. ఇరుసుకు 1.3 టన్నులు దొంగతనంగా మోసే బాధ తప్పింది. ఇప్పుడు దొంగతనం 11.5 నుంచి మొదలవుతుంది.

రోడ్డు పక్కనే రైలు పట్టాలున్నాయి, అవి చూస్తే ఇంకా కడుపు మండుతుంది. వాడి–సికింద్రాబాద్ లైను 1874 నాటిది. వికారాబాద్, తాండూరు దాని మీదే ఉన్నాయి. రైల్వేవాళ్లు వ్యాగనును తూస్తారు. ఎక్కువ ఉంటే రైల్వే చట్టం 73వ సెక్షన్ కింద దండుగ వసూలు చేస్తారు, అదీ కిరాయితో పాటు ముక్కుపిండి. పట్టా ఇనుముదే, అయినా దాని మీద వాళ్లకు అంత మమకారం. పట్టాలకు కూతవేటు దూరంలో రోడ్డుంది. దాన్ని రాయితో, డాంబరుతో, నమ్మకంతో కట్టారు. దాన్ని మాత్రం ఎవరూ తూచి ఎక్కరు. పట్టా విరిగితే విచారణ కమిషన్ వేస్తారు. రోడ్డు విరిగితే వాతావరణ శాఖ వైపు చూపిస్తారు.

రెండో ముద్దాయిని కూడా తెచ్చి నిలబెట్టారు కాబట్టి ఆమె సంగతి కూడా చెప్పాలి. నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. మీద వేసిన రోడ్డు అంచుల వెంట నిలువుగా చీలుతుంది, అలలు తేలుతుంది. ఇదంతా నిజమే. అయితే ఈ భూమి సంగతి మనకు నిన్న తెలిసిందా? 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, ఆ రుచికి కారణం ఈ నల్లరేగడీ, అందులోని అట్టాపల్గైట్ అనే బంకమట్టి ఖనిజమూ, కింద ఉన్న సున్నపురాయీ అని కాగితం మీద రాసిచ్చాం. కంది కోసం మట్టిని పరీక్షించినంత శ్రద్ధగా రోడ్డు కోసం పరీక్షిస్తే సగం బాధ ఉండదు. నల్లరేగడి మీద రోడ్డు వేసే ముందు ఆ మట్టిని తీసి, తగినంత మందాన మంచి మట్టి పోసి దిమ్మిస చేయాలి. లేదా సున్నం కలిపి దాని పొగరు తగ్గించాలి. సున్నం కలిపితే రేగడి ఉబ్బడం తగ్గుతుందన్నది ఏ సివిల్ డిప్లొమా కుర్రాడినడిగినా చెబుతాడు. సున్నం ఎక్కడ దొరుకుతుందీ అని తాండూరులో అడగడమంత హాస్యం లేదు. ఊరు ఊరంతా సున్నపురాయి మీద కూర్చుని ఉంది. దాన్ని తవ్వి, కాల్చి, బస్తాల్లో నింపి దేశమంతా గట్టి ఇళ్లు కట్టుకోమని పంపిస్తున్నాం. ఆ బస్తాలు పోయే దారి మాత్రం మెత్తగా ఉండాలని పట్టుబట్టాం.

మరమ్మతుల శాస్త్రం గురించి రాయాలంటే పురాణమవుతుంది. పుస్తకం ప్రకారం గుంతను గట్టి అంచుల దాకా నలుచదరంగా కోయాలి, దుమ్మూ నీరూ లేకుండా శుభ్రం చేయాలి, పల్చగా డాంబరు పూత పూయాలి, వేడి మిశ్రమాన్ని పొరలు పొరలుగా నింపి రోలరుతో తొక్కించాలి. కేంద్ర రహదారుల శాఖ స్పెసిఫికేషన్లలో ఇంకో మాట కూడా ఉంది. వాన పడుతున్నప్పుడు, నీరు నిలిచి ఉన్నప్పుడు డాంబరు పని ఆపేయాలి. ఈ వాక్యాన్ని మన దగ్గర కొంచెం మార్చి అమలు చేస్తారు. మంత్రిగారు వస్తున్నప్పుడు తప్ప. అప్పుడు గుంతలో ఉన్న నీళ్లను చీపురుతో పక్కకు నెట్టి, ట్రాక్టరులో చల్లారిపోయిన మిశ్రమాన్ని పారతో వేసి, అదే పార వీపుతో రెండు దెబ్బలు కొడతారు. మిగిలిన పని వెనక వచ్చే కాన్వాయ్ చూసుకుంటుంది. అంత బడ్జెట్ లేని చోట మొరం పోస్తారు. అదీ లేకపోతే క్రషర్ డస్టు. ఎండితే గాల్లోకి లేస్తుంది, తడిస్తే కాల్వలోకి పోతుంది. ఎటు పోయినా మళ్లీ పోయొచ్చు, బిల్లుకు ఇబ్బంది లేదు.

పని కొలతలు రాసే ఎంబీ పుస్తకంలో 40 మిల్లీమీటర్లు రాసిన పొర రోడ్డు మీద ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవాలంటే కోర్ కట్టర్‌తో గుండ్రంగా కోసి చూడాలి. అసలే గుంతల రోడ్డు, మళ్లీ గుంత తవ్వడం ఎందుకని దయగల అధికారులు ఆగిపోతారు. పది మిల్లీమీటర్లు తగ్గితే ఏమవుతుందని అడక్కండి. పల్చని పొర ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వంగినది త్వరగా చిట్లుతుంది. అంటే బరువు వేసేవాడూ మందం తగ్గించేవాడూ ఒకరికొకరు తెలియకపోయినా ఒకే పనిలో ఉన్నారు. ఒకరు పైనుంచి, ఒకరు కిందినుంచి.

అనంతగిరి ఘాటు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. లోడు లారీ గుట్ట ఎక్కేటప్పుడు మనిషి నడక వేగంతో మూలుగుతూ పోతుంది. చక్రం ఎంత నెమ్మదిగా పోతే బరువు అంతసేపు ఒకేచోట కూర్చుంటుంది. ఏప్రిల్ ఎండకు డాంబరు ఉపరితలం 60 డిగ్రీలకు చేరుతుంది. మామూలుగా వాడే వీజీ 30 రకం డాంబరుకు మెత్తబడే ఉష్ణోగ్రత 47 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే చాలని ప్రమాణం. మెత్తబడిన డాంబరు, కదలని బరువు. చాళ్లు పడక ఏమవుతుంది? చాళ్లలో వాన నిలుస్తుంది. నీటిని పక్కకు పంపడానికి మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు ఇస్తారు, చాలు పడ్డాక నీటికి ఆ వాలు అడ్రసు దొరకదు. ఈ గుట్ట మీదే టీబీ ఆస్పత్రి కట్టారు, ఊపిరితిత్తులకు ఈ గాలి మంచిదని. ఇప్పుడు తాండూరు నుంచి ఆ గాలి కోసం వచ్చే రోగి, దారి పొడవునా డస్టు పీల్చి, చికిత్సకు కావాల్సిన కారణాన్ని పూర్తిచేసుకుని చేరుకోవచ్చు.

వెనకబడ్డ ప్రాంతం, అడిగే నాథుడు లేడు అంటారు కొందరు. ఆ మాట నేనొప్పుకోను. తాండూరు నుంచి అసెంబ్లీకి వెళ్లిన మర్రి చెన్నారెడ్డి ఉమ్మడి రాష్ట్రానికి రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణ వచ్చాక 2014 నుంచి 2018 దాకా రవాణా శాఖ మంత్రి సాక్షాత్తూ తాండూరు ఎమ్మెల్యేనే. 2023 డిసెంబరు నుంచి ముఖ్యమంత్రి కొడంగల్ ఎమ్మెల్యే, తాండూరుకు పక్క నియోజకవర్గం. నాథులకు ఏ లోటూ లేదు. 2016లో జిల్లా కూడా వచ్చింది, కలెక్టరు వచ్చారు, ఎస్పీ వచ్చారు. ఇంకా రావాల్సింది రోడ్డు పక్కన పనిచేసే ఒక కాంటా.

నేవీ వాళ్ల దూరదృష్టిని మాత్రం మెచ్చుకోవాలి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, పూడూరు దగ్గరి దామగుండం అడవిలో రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములతో మాట్లాడటానికట. చెట్లు పోతాయని జనం గోల పెట్టారు గానీ, జలాంతర్గాములకు వికారాబాద్ జిల్లాతో ఏం పని అని ఆగస్టులో ఇక్కడి రోడ్డు మీద ప్రయాణించినవాళ్లెవరూ అడగలేదు.

చేవెళ్ల దగ్గర మాత్రం వ్యంగ్యం నోరు మూసుకుంటుంది. 2025 నవంబరు 3 తెల్లవారుజామున తాండూరు నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొట్టింది. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. 19 మంది చనిపోయారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల ఆ దారిని వెడల్పు చేయడం ఏళ్ల తరబడి నానింది. దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు, హరిత ట్రైబ్యునల్లో కేసు, కాగితాల మీద కాగితాలు. ఆ వారమంతా నింద చెట్ల మీద పడింది. వాన లేని నెలలో చెట్టు దొరికింది. చెట్లను కాపాడాలన్నవాళ్లకూ, రోడ్డు కావాలన్నవాళ్లకూ మధ్య తగువు పెట్టి, కంకర ఎవరిది, టిప్పరు ఏ వేళకు ఎంత వేగంతో ఎంత బరువుతో పోవచ్చు అన్న ప్రశ్న మెల్లగా ఇంటికి వెళ్లిపోయింది.

గుంతల వల్ల 2013 నుంచి 2017 మధ్య దేశంలో 14,926 మంది చనిపోయారని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. సరిహద్దులోనో ఉగ్రవాదుల చేతిలోనో పోయినవాళ్లకన్నా ఇదే ఎక్కువ కావచ్చని న్యాయమూర్తులే అన్నారు. దాని తర్వాత 2019 సవరణలో 198ఏ అనే కొత్త సెక్షన్ పుట్టింది. రోడ్డు రూపకల్పనలో, కట్టడంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చచ్చినా అవిటివాడైనా బాధ్యులైన కాంట్రాక్టరుకో అధికారికో జరిమానా. ఎంతనుకున్నారు? గరిష్ఠంగా లక్ష రూపాయలు. ఇప్పుడు పక్క సెక్షన్‌తో కలిపి చదవండి. నలభై టన్నులు ఎక్కువ వేసిన లారీకి 20,000 ప్లస్ 80,000, మొత్తం లక్ష. చట్టం దృష్టిలో ఒక మనిషి సరిగ్గా నలభై టన్నుల కంకరకు సమానం. తూకం రాదని మన వ్యవస్థను ఇకమీద ఎవరూ అనకూడదు.

ఇప్పుడు కొత్త రోడ్లొస్తున్నాయి. నాలుగు వరసలు, బైపాస్‌లు, మహబూబ్‌నగర్ నుంచి తాండూరు మీదుగా చించోళి దాకా జాతీయ రహదారి. సంతోషం. వెడల్పు పెరుగుతుంది, ఎదురెదురు గుద్దుకోవడం తగ్గుతుంది, అది చిన్న విషయం కాదు. వెడల్పు పెరిగితే బరువు తగ్గదన్నది వేరే సంగతి. నున్నని రోడ్డు చూసి సేటు ఇంకో రెండు టన్నులు వేస్తాడు. ఇదివరకు గుంతల భయంతోనైనా కొంత లోడు ఆపుకునేవాడు. ఆ పని గుంతలు చేశాయి, ఇంతకాలం జిల్లాలో ఓవర్‌లోడు మీద నిజాయితీగా పనిచేసిన తనిఖీ బృందం అవే.

టెండర్లు పిలిచేవాళ్లకు ఒక ఇంజనీరింగ్ సూచన ఉంది. ప్రతి కొత్త రోడ్డు మొదట్లో ఒక శిలాఫలకం ఉంటుంది. ఎండకు మాడుతుంది, వానకు తడుస్తుంది, అదే నల్లరేగడి మీద నిలబడుతుంది. రోడ్డు మూడుసార్లు చచ్చి పుట్టినా దాని మీద ఒక్క పగులు రాదు, మంత్రిగారి పేరులో ఒక్క ఒత్తు చెరగదు. మన శాఖలు కట్టినవాటిలో ఇంత మన్నిక ఇంక దేనికీ లేదు, మరి దాని రహస్యమేమిటో పరిశోధించాలి. నాకు తోచింది చెబుతాను. దాని మీద ఎవరి లారీ ఎక్కదు. ఇరుసు బరువు సున్నా. సున్నాకు నాలుగో ఘాతమూ సున్నాయే.